రెక్క కింద ఓదెలు

నాది అనుమానపు బుద్ధి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నన్ను ఎవరూ తప్పు పట్టరు. కూరలమ్మాయి తూకం వేస్తుంటే కాటా ముల్లు వైపు కాదు, ఆమె చిటికెన వేలి వైపు చూస్తాను. లింగంపల్లిలో లోకల్ రైలు ఎక్కాక పక్కన కూచున్నావిడ నా సంచీని రెండుసార్లు చూసిందంటే సంచీ ఒళ్ళోకి లాక్కుంటాను. మా ఆయన ఉన్న రోజుల్లో, "నీకు పోలీసు ఉద్యోగం రావాల్సింది సుందరీ, గవర్నమెంటు నష్టపోయింది" అని ఆటపట్టించేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. బుద్ధి మాత్రం నాతోనే ఉండిపోయింది. పైగా కాస్త ముదిరింది కూడాను.

ఆ బుద్ధితోనే ఈ అక్టోబరులో పది రోజులపాటు ఓదెలు అనే మనిషి వెంటపడ్డాను. అతని ఉద్యోగం, పరువు రెండూ నేను రాసే ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్న రోజులవి. అందుకే అతని సంగతి ఉన్నదున్నట్టు రాద్దామని కూచున్నాను.

నేను పనిచేసేది మాదాపూర్‌లో, ఒక ఫ్లయింగ్ క్లబ్బు ఆఫీసులో. వారమంతా కంప్యూటర్ ముందు కూచుని నడుం పట్టేసిన హైటెక్ సిటీ పిల్లలు సెలవు రోజుల్లో విమానం నడపడం నేర్చుకుందామని వస్తారు. వాళ్ళ పేర్లు రాసుకోవడం, తేదీలివ్వడం, కాగితాలు సర్దడం నా పని. విమానాలు ఇక్కడుండవు. శంకర్‌పల్లి దాటాక ఒక మైదానంలో ఉంటాయి. పొట్టి రన్‌వే, రేకుల షెడ్డు, రెండు చిన్న విమానాలు. ఒక్కోదాంట్లో ఇద్దరు పడతారు. ఓదెలు ఉండేది అక్కడే.

కాగితాల్లో అతను గ్రౌండ్ హెల్పర్. చేసేది మాత్రం అన్నీ. పొద్దున్నే కర్ర పట్టుకుని రన్‌వే ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి బర్రెల్నీ, కుక్కల్నీ, నెమళ్ళనీ తోలతాడు. విమానాన్ని తోసుకుంటూ బయటికి తెస్తాడు. రెక్కలు తుడుస్తాడు. తుడిచే గుడ్డ విషయంలో మహారాజు. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కా అయితేనే ముట్టుకుంటాడు, బొత్తాలు కోసేసి మరీ. విమానాల్ని పిట్టలంటాడు. ఒకటి పెద్దపిట్ట, ఒకటి చిన్నపిట్ట. నిజానికి రెండూ ఒకటే సైజు. పెద్దది రెండేళ్ళు ముందు వచ్చింది, అంతే.

ఊరు పుప్పాలగూడ. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని పిలుస్తున్న చోట చిన్నప్పుడు బర్లు కాశాడట. అక్కడ వాళ్ళకి రెండెకరాలు ఉండేది. ఎలా పోయిందని అడిగితే, "పోయింది" అంటాడు. ఎలా పోయిందో చెప్పని మనిషి మీద నాకు సహజంగానే అనుమానం. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ రన్‌వేకి మట్టి పోసే కూలీగా వచ్చి, మట్టి పోయడం అయిపోయాక కూడా వెళ్ళలేదు. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ గుంటుందో అరికాలితో చెబుతాడు. ఇంజన్ చప్పుడు విని, "దీనికి జర దగ్గొచ్చింది" అంటే, విప్పి చూసిన మెకానిక్ అవునంటాడు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎన్నోసార్లు రమ్మన్నారట. "నేను ఎక్కితె కింద ఎవలు చూస్తరమ్మా? కింద ఒకలుండాలె గద" అన్నాడు నాతో. భయమై ఉంటుందనుకున్నాను.

మా ఇద్దరికీ పరిచయమే అనుమానంతో మొదలైంది. నేను చేరిన కొత్తలో షెడ్డులో ఆఫీసు వాళ్ళ గాజు గ్లాసుల్లో ఒకటి మాయమైంది. ఆరింటిలో ఒకటి పోతే మిగిలిన అయిదూ నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది. నెల రోజులు మైదానానికి వెళ్ళినప్పుడల్లా ఓదెలు చేతులే చూశాను. చివరికి ఒకరోజు ఆ గ్లాసు అతని చేతిలోనే కనిపించింది. దొరికాడురా అనుకున్నాను. తీరా చూస్తే, పొద్దున్నే విమానం టాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం అందులోకి వంపి, ఎండకెత్తి పట్టుకుని చూస్తున్నాడు. నీళ్ళు కలిస్తే అడుగున వేరుగా కనిపిస్తాయిట. "స్టీల్ గిలాసల కనవడది గద" అన్నాడు. క్లబ్బు ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టం పగిలిందని నాలుగుసార్లు చెప్పాడట, ఎవరూ కొత్తది పంపలేదు. పంపాల్సిన కాగితం నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడైనా నేను బుద్ధి తెచ్చుకోవాల్సింది.

ఇక దసరా సంగతి.

ఈ ఏడు దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి. ఊరంతా ముక్క లేదు, చుక్క లేదు అని గోల. మా మైదానంలో ఏటా ఆ రోజు విమానాలకి పూజ చేస్తారు. అందరూ బళ్ళకి చేసినట్టే, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, ఒళ్ళంతా బొట్లు. పళ్ళెం పట్టేది మా యజమాని భీమేశ్వరరావుగారి భార్య. ఈసారి ఆవిడ రాలేదు, పుట్టింటికి వెళ్ళారు. పసుపు, కుంకుమ తెచ్చింది నేనే. మా అమ్మ పద్ధతిలో పసుపులో పచ్చకర్పూరం నూరి కలిపి ముద్ద చేసి తెచ్చాను. తెచ్చాను గానీ పళ్ళెం గట్టు మీద పెట్టేసి దూరంగా నిలబడ్డాను.

ఎందుకు దూరంగానో చెప్పాలి. మా ఆయన పోయిన ఏడాదే మా అపార్ట్‌మెంట్లో ఒక గృహప్రవేశానికి వెళితే, వరసగా అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చిన అమ్మాయి నా దగ్గరికొచ్చేసరికి పళ్ళేన్ని అటు తిప్పుకుని పక్కావిడకి పెట్టింది. పసిపిల్లేం కాదు, ఇంజనీరు. అప్పటినుంచీ నేను కుంకుమ పళ్ళెం ముట్టుకోలేదు. నన్ను చూసి ఎవరు తప్పుకుంటున్నారో కనిపెట్టడమే పనైపోయింది. నా అనుమానం ముదిరిందన్నానే, అప్పుడే ముదిరింది.

భీమేశ్వరరావుగారు అటూ ఇటూ చూసి, "ఎవరైనా ఆడవాళ్ళుంటే బాగుండేదండి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఓదెలు పళ్ళెం తీసి నా చేతిలో పెట్టాడు. "సుందరమ్మ ఉంది గద. నువ్వే పెట్టు అమ్మా."

"నేనేమిటి ఓదెలూ" అని వెనక్కి జరిగాను.

"పిట్టకు గవన్నేం తెల్వయ్" అన్నాడు మెల్లిగా.

పెట్టాను. చేతులు వణికాయి, అయినా పెట్టాను. పెద్దపిట్ట సర్వీసింగ్ కోసం విప్పి ఉంది, దాని ముక్కుకి ఒక్క బొట్టుతో సరిపెట్టి, చిన్నపిట్టకి మాత్రం తీరిగ్గా పెట్టాను. ముక్కుకి, మూడు చక్రాలకి, రెక్కల కొసలకి, తలుపులకి. ఎడమ రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన కొక్కెం ఒకటి కనిపిస్తే బంతిపూల దండ దానికే తగిలించి, కొక్కెం మొనకి కూడా ముద్ద పసుపు నొక్కి, కుంకుమ అద్దాను. మొనకి పసుపు పెట్టకుండా వదిలితే దిష్టి అక్కడే దూరుతుందని మా అమ్మ అనేది. ఓదెలు అటువైపు గుమ్మడికాయ కొడుతున్నాడు. తర్వాత అందరికీ జమ్మి ఆకు పంచాడు. "బంగారం తీస్కో అమ్మా" అని నా చేతిలో కూడా పెట్టాడు. ఆ రోజు రైల్లో ఇంటికి వెళుతూ నా సంచీ వైపు ఎవరు చూశారో నేను గమనించలేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున్న ఏడున్నరకి ఫోను.

"అమ్మా, చిన్నపిట్ట లేవలె. ఉరికి ఉరికి పోయి కందకంల పడ్డది. ఇద్దరు పానంతోనే ఉన్నరు. అంబులెన్సుకు చెప్పిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫోను పెట్టేశానో లేదో, బుద్ధి పని మొదలెట్టింది. నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడేం? నేనెందుకు చేస్తాను? విమానం నాదా? యజమానికి చెప్పాల్సిన మాట నాకెందుకు చెప్పాడు?

గచ్చిబౌలి ఆసుపత్రికి వెళ్ళాను. నేర్పే ఆయన కెప్టెన్ సోమేశ్వరరావుగారికి భుజం దగ్గర ఎముక విరిగింది. నేర్చుకునే కుర్రాడు వినయ్‌కి గడ్డం కింద ఏడు కుట్లు. వినయ్‌ది ప్రొద్దుటూరు, హైటెక్ సిటీలో ఉద్యోగం.

"విమానానికి ఒక గొట్టం ఉంటుందమ్మా" అన్నారు కెప్టెన్‌గారు, నొప్పితో ఆగి ఆగి. "పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి అందులో దూరితే లోపల ముల్లు కదిలి వేగం చూపిస్తుంది. ఇవాళ ముల్లు సున్నా దగ్గర్నుంచి కదల్లేదు. కుర్రాడు చూసుకోలేదు. నేను చూసేసరికి రన్‌వే ముప్పాతిక అయిపోయింది. ఇంజన్ తగ్గించి బ్రేకు వేశాను, ఆగలేదు. గొట్టం దేంతోనో మూసుకుపోయింది."

"కందిరీగ గూడేమోనండీ?"

ఆయన గొంతు తగ్గించారు. "ఓదెలు మమ్మల్ని బయటికి లాగి నీడన కూచోబెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మళ్ళీ విమానం దగ్గరికి వెళ్ళాడు. రెక్క కింద బోర్లా పడుకుని తీగతో ఏదో గీకాడు. గీకింది జేబులో వేసుకున్నాడు. నేను కళ్ళారా చూశాను."

ఇంకేం కావాలి నాకు? వారం క్రితమే ఈ కెప్టెన్‌గారు, చక్రాల కింద దిమ్మలు ఆలస్యంగా తీశాడని ఓదెలుని పిల్లలందరి ముందూ తిట్టారు. ఓదెలు తలొంచుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నవాడిని నేను నమ్మను. ఇంకోటి, దసరా సాయంత్రం దుకాణాలన్నీ బంద్ అయినా ఓదెలు దగ్గర మందు వాసన వచ్చింది. ముందు రోజే తెచ్చి దాచుకున్నాడన్నమాట. అంత ముందుచూపున్నవాడు కోపాన్ని మాత్రం దాచుకోడా?

వినయ్ దగ్గరికి వెళ్ళి, "బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి అన్నీ చూశావా నాయనా?" అని అడిగాను.

"చూసినా మేడం, అన్నీ చూసినా" అన్నాడు గోడ వైపు చూస్తూ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేత్తో నుదురు తడుముకున్నాడు. ఇతని మీద కూడా ఒక కన్నేసి ఉంచాలనుకున్నాను.

శనివారం ఢిల్లీ నుంచి ఇద్దరు అధికారులు దిగారు. గొట్టం శుభ్రంగా ఉంది. లోపల మాత్రం తీగ గీతలు కొత్తగా ఉన్నాయి. ఓదెలుని మూడు గంటలు కూచోబెట్టి అడిగారు. "నాకు ఎరుక లేదు సార్" తప్ప ఇంకో మాట రాలేదట. జేబులో ఏం వేసుకున్నావంటే, "బీడీలు" అన్నాడట. అతను బీడీ మానేసి రెండేళ్ళయిందని నాకు తెలుసు.

భీమేశ్వరరావుగారు నన్ను పిలిచారు. "వాడే ఏదో చేశాడండి. పాత కోపం పెట్టుకుని గొట్టంలో మట్టి కూరి, తర్వాత బయటపడుతుందని గీకేశాడు. నాలుగేళ్ళుగా చూస్తున్నారు కదా, వాడి గురించి మీకు తెలిసిందంతా రాసివ్వండి. పదమూడో తేదీ సోమవారం కల్లా కావాలి. ఆ కాగితంతో పని తీసేసి పోలీసులకి ఇస్తాను."

రాయడం మొదలెట్టాను. అబద్ధం ఎందుకు, ఉత్సాహంగానే మొదలెట్టాను. గ్లాసు సంగతి కూడా రాశాను. ఎండకెత్తి చూసిన భాగం మాత్రం రాయలేదు. ఆ వారంలో రెండుసార్లు మైదానానికి వెళ్ళాను. ఓదెలుని లోపలికి రానివ్వడం లేదు. గేటు బయట రాయి మీద కూచుని రన్‌వే వైపు చూస్తున్నాడు. బర్రెలు దిగితే బయట నుంచే అరుస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "మంచిగున్నవా అమ్మా?" అన్నాడు. మళ్ళీ అదే. ప్రాణం మీదికొచ్చింది అతనికైతే, నేను బాగున్నానో లేదో అతనికెందుకు?

ఆ ఎందుకు అన్నదే నిద్ర పట్టనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే పుప్పాలగూడ వెళ్ళాను. ముప్పై అంతస్తుల భవనాలు రెండింటి మధ్య పాత ఊరి సందు ఒకటి మిగిలింది. ఎండ కూడా అక్కడికి టైము చూసుకునే వస్తుంది. రేకుల ఇల్లు, ముందు అరుగు. ఓదెలు అరుగు మీద కూచుని పాత చొక్కాకి బొత్తాలు కోస్తున్నాడు. పని పోబోతున్నవాడికి తుడిచే గుడ్డ ఎందుకో!

అతని భార్య లక్ష్మీదేవి కుర్చీ వేసింది. నేను కూచోలేదు.

"ఓదెలూ, సూటిగా అడుగుతున్నాను. రెక్క కింద తీగతో ఏం చేశావు?"

అతను బొత్తాం కోయడం ఆపలేదు.

"రేపు కాగితం ఇవ్వాలి. నువ్వు చెప్పకపోతే వాళ్ళు అనుకుంటున్నదే రాసిస్తాను. పోలీసులు వస్తారు."

"రాయి అమ్మా. ఏం రాస్తవో రాయి."

"అంటే నువ్వే చేశావా?"

"నేనే అని రాయి. నాకేం పరేషాన్ లేదు."

లక్ష్మీదేవి ఒక్కసారిగా విరుచుకుపడింది. "చెప్పవేంది? పది రోజుల సంది ముద్ద దిగుతలేదు, నిద్ర వోతలేవు. ఎవల కోసం సస్తున్నవో ఆమెనే ఇంటికొచ్చి నిన్ను దొంగను అడిగినట్టు అడుగుతాంది. ఇగనన్న చెప్పు!"

"నువ్వు లోపలికి వో" అన్నాడు ఓదెలు.

ఆమె లోపలికి వెళ్ళింది, వెంటనే బయటికొచ్చింది. దేవుడి గూట్లోంచి చిన్న కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. పొట్లంలో జమ్మి ఆకులు. ఆకుల మధ్య బలపం ముక్కంత, గట్టిపడిన పచ్చటిదేదో. ఒక చివర ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకపోయింది. పచ్చకర్పూరం వాసన పొట్లం విప్పగానే వచ్చింది.

మా అమ్మ వాసన అది. నా పసుపు.

కుర్చీలో కూలబడ్డాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టే అయింది నా పని. పది రోజులుగా లోకంలో అందర్నీ అనుమానించాను. వినయ్‌ని, కందిరీగల్ని, ఈ మనిషిని. రెక్క కింద కొక్కెం ఎందుకుంటుందని ఒక్కసారి కూడా అడగలేదు.

"అది కొక్కెం కాదా ఓదెలూ?"

"గాలి గొట్టం అమ్మా." ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, చొక్కా పక్కన పెట్టాడు. "నీ తప్పేం లేదు. నీకెట్ల తెలుస్తది? తప్పు నాదే. దుమ్ము, పురుగులు పోకుంట తొడిగే ఎర్ర కవర్లన్ని పండుగ నాడు పూజకని నేనే తీసిన. మాపటికి దండ తీసి, మల్ల కవర్ తొడుగుతుంటే మొనకు బొట్టు కనవడ్డది. గుడ్డ తీసిన తుడుద్దమని. చెయ్యి రాలె."

"ఎందుకు?"

అతను కోసిన బొత్తాలు ఏరుకుంటూ చెప్పాడు. "గా పళ్లెం పట్టుకున్నప్పుడు నీ చేతులు వణికినయ్. నేను చూసిన. ఎన్నేండ్లకు పట్టుకున్నవో ఏమో. పండుగ పూట నువ్వు పెట్టిన బొట్టు నా చేత్తోని ఎట్ల తుడువాలె అనిపించింది. పొద్దుగాల తుడుద్దమనుకుని కవర్ తొడిగిన. పొద్దుగాల బర్లు రన్‌వే మీదికొచ్చినయ్, గటు ఉరికిన. నేను వచ్చేటాల్లకు ఆ పిలగాడు కవర్ తీసి, ఎక్కి కూసున్నడు. పిట్ట ఉరుకుతుంటె అప్పుడు యాదికొచ్చింది. ఒర్లుకుంట ఎంట ఉరికిన. ఇంజన్ సప్పుడుల ఏం వినవడుతది?"

"మరి అధికారులకి ఈ మాటే చెప్పచ్చు కదా. పసుపు తుడవడం మర్చిపోయానని చెబితే అంతటితో పోయేది కదా!"

"ఎవలు పెట్టిన్రని అడుగుతరు గద."

"నేనని చెప్పాల్సింది."

ఓదెలు తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "నువ్వు పెట్టిన బొట్టని తెలిస్తే లోకులు ఏమంటరో నాకెరుకే అమ్మా. గొట్టం బందైందని అనరు."

నాకు సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది. అతను దాచింది దొంగతనం కాదు, నా పేరు. లక్ష్మీదేవి మంచినీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాను. "తాగు అమ్మా" అని ఆమే నోటికందించింది, ఇందాకటి కోపం ఇంకా గొంతులో ఉండగానే.

ఆ సాయంత్రం వినయ్‌కి ఫోన్ చేసి, "మొన మీద పసుపు చూశావా?" అని ఒక్క మాట అడిగాను. అవతల ఏడుపు. "చూసినా మేడం. కవర్ తీస్తానే కనపడె. దసరా బొట్టు, పైగా శుక్రవారం, ఎట్ల చెరిపేది? కళ్ళకద్దుకుని ఎక్కినా. ఈ మాట చెప్తే లైసెన్సు రాదని భయపడితిని." అంత చదువుకున్నవాడు, విమానం నడపబోయేవాడు, కళ్ళకద్దుకుని ఎక్కాడట. నవ్వాలో తిట్టాలో తెలియక ఫోను పెట్టేశాను.

వారం పాటు రాసింది చించేసి కొత్త కాగితం తీసుకున్నాను. ఓదెలు పేరు ఎలాగూ రాయక తప్పదు, గీకడం అతని తప్పే. కానీ మొదటి వాక్యంలో నా పేరు రావాలి. "ఆ పసుపు పెట్టింది నేను, బాలాత్రిపురసుందరి" అని రాశాక పెన్ను ఆగిపోయింది. గృహప్రవేశం నాటి పళ్ళెం కళ్ళ ముందు అటు తిరిగింది. ఇప్పుడు ఆఫీసంతా అలాగే అటు తిరుగుతుంది. ఆ కాగితం ఇచ్చాక నేను ఎదురొస్తే ఒక్క పైలటు విమానం ఎక్కుతాడా? చాలాసేపు భయపడ్డాను. తర్వాత గేటు బయట రాయి మీద కూచున్న మనిషి గుర్తొచ్చి, మిగతాది రాసేశాను.

సోమవారం భీమేశ్వరరావుగారు కాగితం చదివారు. బల్ల మీద నేను పెట్టిన పొట్లం విప్పి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఓదెలు ఏ మాటకి భయపడ్డాడో ఆ మాటే అన్నారు.

"నేను ఆ రోజే అనుకున్నానండి. ఏమీ అనుకోకండి, ఆ పళ్ళెం మీ చేతికిచ్చినప్పుడే నాకు మనసు కీడు శంకించింది. అందుకే పెద్దవాళ్ళు కొన్ని..."

"గొట్టం మూసుకుపోయిందండి" అన్నాను. ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "మీ ఆవిడ పెట్టినా మూసుకుపోయేదే. ముద్ద పసుపు ఎండితే రాయి. ఎవరి చేతిదో గొట్టానికేం తెలుస్తుందండీ? ఆ పక్కన సంతకం చేశాను చూసుకోండి. ఒకటి అధికారులకి కూడా పంపాను."

అధికారులు అందర్నీ మళ్ళీ పిలిచారు. తీగ పెట్టి గొట్టం గీకినందుకు ఓదెలుకి గట్టిగా చివాట్లు పెట్టారు. వినయ్‌కి ఇంకా గట్టిగా పెట్టారు. వాళ్ళ కాగితంలో మూడే మాటలు తేలాయి. పెట్టినవాళ్ళకి అది గొట్టమని తెలియదు. తెలిసిన ఇద్దరూ చూసి తుడవలేదు. పూజ తర్వాత తనిఖీ చేయమని క్లబ్బు ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ మూడో మాటతో భీమేశ్వరరావుగారు ఓదెలుని పనిలోంచి తీసే సంగతి ఎత్తడం మానేశారు. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇది రాసే నాటికి తెలియదు. ఆఫీసులో ఇద్దరు నేను ఎదురొస్తే ఫోను చూసుకుంటూ ఆగిపోతున్నారు. ఎవరెవరో నాకు తెలుసు. తెలిసినా ఇదివరకులా లెక్కపెట్టుకుంటూ కూచోవడం లేదు.

నవంబరు రెండో వారంలో పెద్దపిట్ట మళ్ళీ బయటికొచ్చింది. కాగితాలు పట్టుకుని నేనూ మైదానానికి వెళ్ళాను. ఓదెలు ఎడమ రెక్క కింద వంగి, ఎర్ర కవరు తీసి, గొట్టంలోకి ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ లేకపోయినా మెత్తటి గుడ్డతో మొన తుడిచాడు. ఆ గుడ్డ ఆ రోజు అరుగు మీద బొత్తాలు కోసిన చొక్కాదే. విమానం పరిగెత్తింది. చక్రాలు నేల వదిలాక కూడా అతను చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు.

"వచ్చే దసరకు పళ్లెం నువ్వే పట్టాలె అమ్మా" అన్నాడు అలా చూస్తూనే.

"ఇంకా బుద్ధి రాలేదా ఓదెలుగారూ?"

"గారు గీరు ఏందమ్మా కొత్తగ!" నవ్వాడు. "బొట్టు పెట్టుడు నీ పని. తుడుసుడు నా పని. ఈసారి మొహమాటపడ."

అలవాటు కొద్దీ ఆ మాట వెనక ఇంకేమైనా ఉందా అని వెతికాను. ఏమీ లేదు. ఏడుపొచ్చింది. అక్కడే, రన్‌వే పక్కన, కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఓదెలు కర్ర తీసుకుని బర్రెల్ని తోలడానికి వెళ్ళాడు.